చిన్న ఇనప్పెట్టె

"మీ ఇంట్లో పిల్లలు ఉందా, అంకుల్?"

గౌరీశంకర్ తలెత్తి చూశాడు. గాజు కౌంటర్ పక్కన స్టూలు మీద ఓ ముప్పై ఏళ్ల కుర్రాడు కూర్చున్నాడు. ముఖం మనదే. తెలుగు మాత్రం అమెరికాలో పెరిగిన తెలుగు.

నలభై రెండేళ్లకే అంకుల్ అనిపించుకోవడం గౌరీశంకర్‌కి కాస్త గుచ్చుకుంది.

టెక్సస్‌లోని కాపెల్‌ ఊరికి పది మైళ్ల దూరంలో ఉన్న తుపాకుల షాపు అది. పదమూడేళ్లు కాచుక్కూర్చున్న గ్రీన్‌కార్డ్ వచ్చాక, సొంతానికి ఒక పిస్తోలు కొనుక్కుందామని వచ్చాడు. ఎవరి మీదా పగా లేదు, ఎవరన్నా భయమూ లేదు. ఆఫీసు వాళ్లతో షూటింగ్ రేంజ్‌కి వెళ్లి కాగితం టార్గెట్ మీద కాల్చడం మరిగాడు. ఆ గంటసేపూ మేనేజరూ గుర్తురాడు, లేఆఫులూ గుర్తురావు. అద్దె పిస్తోలుతో ఎన్నాళ్లని నెట్టుకొస్తాడు?

"పాప ఉంది. ఆరేళ్లు. ఏం?"

"నథింగ్. గన్ ఎందుకు?"

"టార్గెట్ షూటింగ్‌కే. చవగ్గా ఉండాలి."

"అయితే ట్వంటీటూ తీసుకోండి, చిన్న బుల్లెట్ గన్. బుల్లెట్స్ చీప్. చెయ్యి ఎక్కువ అదరదు. ఫస్ట్ గన్‌కి అదే బెస్ట్. యూజ్డ్ అయినా ఓకే."

కుర్రాడు మంచివాడే అనుకున్నాడు గౌరీశంకర్. అంతలోనే వాడు ఇంటి విషయాల్లోకి దూరాడు.

"ఇంట్లో ఎక్కడ పెడతారు?"

"క్లోజెట్ పై అరలో సూట్‌కేసు ఉంది. అందులో మా ఆవిడ పట్టుచీరల కింద. అక్కడికి చీమ కూడా పోదు."

"ఆంటీకి తెలుసా?"

"తెలిస్తే ఇల్లు పీకి పందిరెయ్యదూ!"

కుర్రాడు నవ్వలేదు. పక్క షెల్ఫ్‌లోంచి చిన్న ఇనప్పెట్టె తీసి కౌంటర్ మీద పెట్టాడు. నంబర్లు నొక్కితే తెరుచుకునే రకం.

"ఇది కూడా తీసుకోండి. ప్లీజ్."

"గన్‌తోపాటు ఓ తాళం ఇస్తారుగా."

"అది ఎవ్వరూ వెయ్యరు, అంకుల్. డ్రాయర్‌లో పడేస్తారు."

"చూద్దాంలే."

"చూద్దాం కాదు. ఇవాళే. లేకపోతే గన్ కొనొద్దు."

గౌరీశంకర్‌కి చిర్రెత్తుకొచ్చింది.

"ఈ పెట్టె మీద నీకు కమిషన్ ఎంతయ్యా?"

కుర్రాడి ముఖం చిన్నబోయింది. వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు.

గౌరీశంకర్ ఫారాలు నింపాడు. చెకింగ్ అయ్యాక, కౌంటర్ వెనకున్న తెల్లజుట్టు పెద్దావిడ పాత ట్వంటీటూ ఒకటి సంచిలో పెట్టి ఇచ్చింది.

అక్కడితో ఊరుకున్నాడా? కార్లో కూర్చుని ఫోన్ తీసి షాపుకి ఒక్క స్టార్ కొట్టాడు. "ఇక్కడో ఇండియన్ సేల్స్‌మన్ ఉన్నాడు, కస్టమర్లని పీక్కుతింటాడు" అని రివ్యూ రాశాడు. దోసె ఆలస్యమైనా ఒక్క స్టార్ కొట్టే జాతి మనది!

ఇంటికొచ్చి సంచి తీస్తే అడుగున ఇనప్పెట్టె. బిల్లులో మాత్రం లేదు.

పొరపాటున వేసేశారు కాబోలనుకున్నాడు. ఊరికే వచ్చిందాన్ని పారెయ్యడానికి చేతులొస్తాయా? పిస్తోలు అందులో పెట్టి, నంబరు బిగించి, పెట్టెని తీసుకెళ్లి పట్టుచీరల కింద దాచాడు.

మూడు వారాలు గడిచాయి. శనివారం మధ్యాహ్నం. సాయంత్రం తెలుగు సంఘం వాళ్ల దసరా ప్రోగ్రామ్. భార్య శ్రీలేఖ వంటింట్లో పులిహోర కలుపుతోంది.

పాప నైనిక మెట్లు దిగి వచ్చింది. అమ్మ పట్టుచీర ఒంటికి చుట్టేసుకుంది. చేతుల్లో ఇనప్పెట్టె.

"నాన్నా, ఇది ఓపెన్ అవట్లేదు. చాలా నంబర్స్ ట్రై చేశాను. నా బర్త్‌డే కూడా."

గౌరీశంకర్ ఒక్క అంగలో వెళ్లి పెట్టె లాక్కున్నాడు.

"పైకెలా ఎక్కావు తల్లీ?"

"చైర్ వేసుకున్నా. లోపల ఏముంది? నాకు గిఫ్టా?"

పిల్లని గుండెకి అదుముకుని బావురుమన్నాడు. శ్రీలేఖ పరుగెత్తుకొచ్చింది. ఏదీ దాచకుండా చెప్పేశాడు. ఆమె కేకలెయ్యలేదు. పెట్టె వంకా, పాప వంకా చూసి అక్కడే కూలబడింది.

"ఆ అబ్బాయెవరో, ముందు వెళ్లి చేతులెత్తి దండం పెట్టి రండి," అంది.

షాపులో స్టూలు ఖాళీగా ఉంది.

"మీ సేల్స్‌మన్ ఏడండీ? ఆ ఇండియన్ అబ్బాయి?" అని పెద్దావిడని అడిగాడు.

"ఈషానా? అతను మా సేల్స్‌మన్ కాదు."

"మరి?"

"ఎక్కడో కంప్యూటర్ ఉద్యోగం. ఎనిమిదేళ్లుగా ప్రతి శనివారం వచ్చి ఇక్కడ కూర్చునేవాడు. మొదటిసారి గన్ కొనేవాళ్లందరినీ పిల్లలున్నారా అని అడిగేవాడు. పెట్టె వద్దన్నవాళ్లకి తన డబ్బుతో ఇప్పించేవాడు. మీ సంచిలో వేసింది నేనే."

"ఇవాళ రాలేదే?"

"ఎవరో రివ్యూ రాశారు. మా పైవాళ్లు చదివి, ఇక అడుగుపెట్టొద్దన్నారు. ఎంత బతిమాలాడో! పోయిన వారం ఊరే వదిలి వెళ్లిపోయాడు. ఎక్కడికో నాకూ చెప్పలేదు."

గౌరీశంకర్ తలదించుకున్నాడు.

"రాసింది నేనేనండి."

ఆవిడ అద్దం తుడుస్తున్న గుడ్డని పక్కన పెట్టేసింది.

"అతని పిల్లలెవరైనా..." అని ఆగిపోయాడు.

"పిల్లలు కాదు. చెల్లెలు. నాలుగేళ్లది. వాళ్ల నాన్న కూడా మీలాగే టార్గెట్ షూటింగ్‌కని కొన్నాడు. ఎవరికీ దొరకదనుకున్న చోటే దాచాడు."

"మరి ఎవరికి దొరికింది?"

ఆవిడ ఖాళీ స్టూలు వైపు చూసింది.

"ఈషాన్‌కి. అప్పుడతనికి ఆరేళ్లు."