అందరికీ ఒకే మాస్కు

కార్బన్ పొడి సంచులు విప్పే గదిలో కోడలు మాస్కు తీసేసి కనబడేసరికి పెద్దాయనకు ఒళ్లు మండింది. పొగకన్నా సన్నని ఆ పొడి ఊపిరితిత్తులు దాటి నెత్తురులోకి పోతుందని పరిశోధించి, మాస్కు తయారుచేయించి, తప్పనిసరి చేయించిన శాస్త్రవేత్త ఆయనే.

"మాస్కు లేనివాళ్లని పనిలోంచి తీసేయమని రాసింది నేనే. ముందు నిన్నే తీయిస్తా!" అని అక్కడ పనిచేసే ఆడవాళ్లందరి ముందూ అరిచాడు.

కోడలు మాస్కు పెట్టుకుని, పట్టీలు బిగించి, బుగ్గ పక్క సందులో వేలు దూర్చి చూపించింది. తీసి తిరగేస్తే లోపలంతా నలుపే.

"మా అందరివీ ఇంతే మామయ్యా. పెట్టుకున్నా పీలుస్తున్నాం, తీసినా పీలుస్తున్నాం. తీస్తే చెమటైనా ఆరుతుంది."

"అబద్ధం! పరీక్షలో రవ్వంత కూడా లోపలికి పోలేదు."

"అయితే మీరు పెట్టుకోండి, చూద్దాం." కొత్తది అందించింది.

పెట్టుకున్నాడు. అతికినట్టు సరిపోయింది. సరిపోదా మరి! మనుషుల ముఖాలన్నీ ఒకటేనని వాదించి, కొలతలకూ పరీక్షలకూ ఆ మహానుభావుడు వాడింది తన ముఖాన్నే.

ఆడవాళ్లు ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే, కోప్పడే వంకతోనైనా ఆయన ఆ మాస్కు తీయగలిగేవాడు.