ప్రత్యక్ష సాక్షి

శవపేటిక దగ్గరికి వెళ్ళడానికి రోవేనాకు కాళ్ళు రాలేదు.

దేశ రక్షణ మీద గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చే మనిషి. మనీలాలో ప్రొఫెసరు. సముద్ర సరిహద్దుల తగాదా గురించి ఆమె నోరు విప్పితే సింగపూర్‌లోనూ జకార్తాలోనూ పెద్దపెద్దవాళ్ళు చెవులు రిక్కించి వింటారు. అంతటి మనిషి ఈ పూట ఒక జాలరిపేటలో, రేకుల పందిరి కింద, చేతిలో కాఫీ చల్లారిపోతున్నా తలెత్తలేక కూర్చుంది.

పేటికలో ఉన్నది ఈ పేట జాలరి సెలో. నడిసముద్రంలో పగడపు దిబ్బ దగ్గర పరాయి దేశపు గస్తీ ఓడ వాళ్ళ పడవను గుద్దేసింది. మిగతావాళ్ళు ఈది బతికారు. సెలో బతకలేదు.

రెండు దేశాలు కొట్టుకుంటున్నది ఆ దిబ్బ కోసమే. రోవేనా చదువూ, పేరూ, ఉద్యోగమూ అన్నీ ఆ దిబ్బ మీదే.

మూడేళ్ళ కిందట ఆమె మొదటిసారి ఈ పేటకు వచ్చింది. "ఇప్పటికీ దిబ్బ దాకా వెళ్ళేదెవరు?" అని అడిగితే అందరూ నసిగారు. సెలో ఒక్కడే, "ఎందుకు వెళ్ళం మేడమ్? నేను వెళ్తాను" అన్నాడు. ఇక అడ్డూ ఆపూ లేదు. ఏ వేళ నీరు తీసి దిబ్బ పైకి తేలుతుందో, గస్తీ ఓడలు ఎలా తరుముతాయో, ఎలా తప్పించుకోవాలో కళ్ళకు కట్టినట్టు చెప్పాడు. రోవేనా భోజనం కూడా మరిచిపోయి రికార్డు చేసుకుంది. సెలో భార్య పురింగ్ మాత్రం దిబ్బ మాట వస్తే చాలు, చేపలు మాడిపోతున్నాయంటూ వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఆ మాటల బలంతోనే రోవేనా వ్యాసం రాసింది. యుద్ధనౌకలు అక్కర్లేదు, మన జాలర్లు ఇప్పటికీ దిబ్బకు వెళ్తూనే ఉన్నారు, వెళ్తున్నంత కాలం అది మనదే, వాళ్ళను వెళ్ళనివ్వండి, డీజిల్ ఇచ్చి ప్రోత్సహించండి అని. ప్రభుత్వం సరేనంది. ఆమెకు ప్రొఫెసరుగా ప్రమోషన్ వచ్చింది. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా సెలో దగ్గర కొత్త కబురు ఉండనే ఉండేది.

పోయిన వారం కూడా ఫోన్ చేసింది.

"సెలో అన్నా, పుస్తకం అయిపోవచ్చింది. చివరి అధ్యాయం ఒక్కటే బాకీ. ఆదివారం వస్తున్నా, దిబ్బ దగ్గర తాజా సంగతులన్నీ చెప్పాలి మరి!"

"రండి మేడమ్, రండి. మీకు చెప్పక ఇంకెవరికి చెప్తాను?" అని నవ్వాడు.

అన్నట్టే ఆమె వచ్చింది. చెప్పాల్సినవాడే పేటికలో ఉన్నాడు.

దారిలో కారు నడుపుతూ సహోద్యోగి దాంతే ఓదార్చబోయాడు. "నీ వ్యాసం చదివి పడవెక్కాడా ఆయన? తల్లీ, దాన్ని నేనే సగంలో వదిలేశాను!"

"ప్రభుత్వం పూర్తిగా చదివిందిగా."

"ఆ నింద మోసుకుంటూ ఎన్నాళ్ళు ఏడుస్తావ్?"

"ఏసీ గదిలో కూర్చుని 'వెళ్ళనివ్వండి' అని రాసింది నేను కాదా దాంతే? నేనెప్పుడైనా ఆ నీళ్ళలో కాలు పెట్టానా?"

దాంతే పేటకు చేరగానే పందిరి చివర శవజాగారానికి పేకాడుతున్నవాళ్ళ మధ్యకు జారుకున్నాడు.

పురింగ్ వచ్చి రోవేనా పక్కన కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"అన్నం తిన్నారా మేడమ్?"

ఆ మాటకు రోవేనా ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, నన్ను క్షమించు. మీవాళ్ళను దిబ్బకు పంపమని సలహా ఇచ్చింది నేనే. ఆయన్ని చంపింది నా రాతే."

పేకముక్కల చప్పుడు ఆగిపోయింది. 

"ఊరుకోండి మేడమ్. ఆయనకి చదువెక్కడిది, మీ రాత చదవడానికి? సర్కారు డీజిల్ కూడా ఏనాడూ తీసుకోలేదు. మీ కాగితం వల్ల పోలేదు. ఆ పాపం నెత్తిన వేసుకోకండి."

రోవేనాకు ఊపిరి ఆడింది. వెంటనే సిగ్గేసింది. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి చేత ఓదార్పు చెప్పించుకుని తేలికపడుతున్నాను, ఛీ అనుకుంది. ఏదో ఒకటి ఇచ్చి ఈ రుణం తీర్చుకోవాలనిపించింది.

"పుస్తకం మొదటి పేజీలో ఆయన పేరే వేస్తానక్కా. ఎందరు తరిమినా దిబ్బను వదలని మనిషి, అన్నిటికీ ప్రత్యక్ష సాక్షి అని రాస్తాను. లోకమంతా చదువుతుంది."

పురింగ్ చేతులు వెనక్కి తీసుకుంది. ఏదో అనబోయి, పేటిక వైపు చూసింది.

చావింటి నుంచి వెళ్ళేవాళ్ళను ఇంటివాళ్ళు సాగనంపకూడదు. వాళ్ళ వెంట ఇంకో చావు వెళ్తుందంటారు. అందుకే రోవేనా చెప్పకుండానే లేచింది. దాంతేకి సైగ చేసి, కారు దాకా నడిచి, తలుపు తీసింది.

వెనకాల కేకలు వినిపించాయి. "ఒసేయ్ పురింగ్, ఎక్కడికే! పందిరి దాటకు!"

పురింగ్ వింటేగా. ఉత్తకాళ్ళతో పరుగెత్తుకొచ్చి కారు తలుపు పట్టుకుంది.

"చచ్చిపోయినవాడి మీద అబద్ధం రాయకండి మేడమ్," అంది రొప్పుతూ. "ఆయన బతికుండగా మీకు చెప్పడానికి సిగ్గుపడ్డాడు. నేనూ నోరు మూసుకున్నాను. ఇంక నా వల్ల కాదు."

"ఏమిటక్కా?"

"బుద్ధెరిగాక ఆయన ఒక్కసారైనా ఆ దిబ్బ మొహం చూడలేదు, మీకు చెప్పినవన్నీ రేవులో విన్న కబుర్లే, ఆదివారం మీరు మళ్ళీ వస్తున్నారని ఫోన్ వచ్చాక, ఈసారైనా మేడమ్‌కి కళ్ళారా చూసింది చెప్తానని మొట్టమొదటిసారి పోయాడు."