తలకు రంగు

"అరవై ఏడా? ఎవరికి చెప్తున్నవమ్మా? నిన్ను చూస్తే నలభై అయిదు కూడా ఉండవు" అన్నాడు పింఛన్ల సెక్షన్ ఆఫీసర్ భానుప్రసాద్, జ్ఞానమ్మ ఆధార్ కార్డును టేబుల్ అవతలికి నెట్టేస్తూ.

"కార్డుల ఉన్నది గద సారూ."

"కార్డులల్ల జూస్తే మన బోధన్ ఊరు సగం జనవరి ఒకటినే పుట్టింది. అది నమ్మాల్నా, నా కండ్లను నమ్మాల్నా? ఆ జుట్టు చూడు, ఎట్ల నిగనిగలాడుతున్నదో!" అంటూ నున్నగా దువ్విన తన నల్లటి క్రాపు సవరించుకున్నాడు.

వెనక లైన్లో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. కాసేపట్లో తమ వంతూ వస్తుందని తెలిసే నవ్వారు. పెద్ద కుర్చీలో ఉన్నాయన వెటకారం చేస్తే నవ్వకపోతే తమ పని చెడుతుందని భయం.

జ్ఞానమ్మకు రెండు నెలలుగా పింఛను రావడం లేదు. ఆమె ఎక్కడో పని చేస్తోందని ఎవరో ఉప్పందించారట. అందుకే ఈ విచారణ.

"సారూ, గది నెత్తికేసిన రంగు" అంది జ్ఞానమ్మ. "ఫంక్షన్ హాల్ల ఊడుస్త, అంట్లు తోముత. పెండ్లికొచ్చినోళ్ల కండ్లకు ముసలోళ్లు కనబడొద్దంటడు ఓనరు. తెల్లెంటికె కనబడితే ఇంటికి పొమ్మంటడు. రంగు పైసలు సుత నా కూలీలనే పట్టుకుంటడు."

భానుప్రసాద్ కుర్చీలో ముందుకు వంగాడు. "అంటే పని చేస్తున్నట్టు నువ్వే ఒప్పుకున్నవ్!"

"చెయ్యక ఏం తినాలె సారూ? మోకాళ్లు వాసి చెరుకు కోతకు పోవుడు బందైంది. పింఛను మందులకే సరిపోతది. బువ్వకు గీ పని."

"ఒక చేత్తోని కూలి, ఇంకో చేత్తోని పింఛను! ఆశకు హద్దుండాలె. ఈ వయసుల పనెందుకమ్మా, కృష్ణా రామా అనుకోకుండ?"

"నేను చర్చికి పోత సారూ."

"ఎక్కడికన్న పో. ఇదంత ఎవని సొమ్మనుకున్నవ్? మేం కట్టే ట్యాక్సు!"

ఆ రంగు ప్యాకెట్టు కొన్నప్పుడు జ్ఞానమ్మ కూడా ట్యాక్సు కట్టింది. ఆ సంగతి ఆమెకు తెలియదు. ఆయనకు తెలుసు, కానీ చెప్పడు.

జ్ఞానమ్మ నెత్తి మీది కొంగు తీసింది. టేబుల్ దగ్గరకు వచ్చి తల వంచి, రెండు చేతులతో పాపిట విప్పి పట్టుకుంది. "ఎంటికెల మొదట్ల సూడుండ్రి సారూ. మొదట్ల అంత తెలుపే."

అరవై ఏడేళ్ల మనిషి, అంతమంది ముందు, పేలు చూపించుకునే చిన్నపిల్లలా తల వంచి నిలబడింది. ఒక ఆఫీసులో ముసలితనాన్ని ఇట్లా రుజువు చేసుకోవాల్సి రావడం కంటే రోత ఇంకోటి ఉండదు. ఆయనకు మాత్రం రోత వేరే చోట పుట్టింది. ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని, "ఛీ ఛీ, ఫైళ్ల మీద వెంట్రుకలు పడతయి, జరుగు!" అన్నాడు.

జ్ఞానమ్మ నెమ్మదిగా తలెత్తి కొంగు కప్పుకుంది.

"పనికి పోతే తెల్లగున్నవ్ పో అంటరు. పింఛనుకొస్తే నల్లగున్నవ్ పో అంటరు. నేను ఏ రంగుల బతకాలె సారూ?"

భానుప్రసాద్ ఎర్ర పెన్ను అందుకున్నాడు. కాగితం మీద 'అనర్హురాలు' అని గీకి, ఠపీమని ముద్ర గుద్దాడు. "పింఛను రద్దు. ఇగ నడువ్."

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్ కిర్రుమంటూ ఆగింది. బయట మే నెల ఎండ, గదిలో అంతమంది ఊపిరి. నిమిషంలోనే అందరికీ చెమటలు పట్టాయి. జ్ఞానమ్మ కార్డును సంచిలో దాచుకుంటుంటే ఆయన ఫోన్ మోగింది.

"ఆ, ప్రశాంత్! నీకే చేద్దామనుకుంటున్న. ఏం ఆడిటరువయ్యా నువ్వు? నా పెన్షన్ మీద ట్యాక్సేసిండ్రు. రిటైరైనంక మళ్ల పనిల తీసుకొని ఇక్కడ జీతమిస్తున్నరు గద, దాని మీద సుత ఏసిండ్రు. రెండు కలిపి ఇంత కోస్తరా? సీనియర్ సిటిజన్లకు ఏదో వెసులుబాటు ఉన్నదంటివి... ఆ, అరవై నాలుగు నడుస్తున్నయి నాకు. ఇంట్ల ఊకె కూసోలేక వస్తున్న గని, ఇది పని చేసే వయసానయ్యా? ముసలోళ్ల మీద జర కనికరం ఉండొద్దా గవర్నమెంటుకు?"

లైన్లో ఇప్పుడెవరూ నవ్వలేదు. ఆయన చెవుల పక్క నుంచి చెమట ధారగా దిగుతోంది. జ్ఞానమ్మ సంచి భుజానికి వేసుకుంది కానీ అక్కణ్ణుంచి కదల్లేదు. ఆయన్నే చూస్తూ నిలబడింది.

భానుప్రసాద్ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి కసిరాడు. "ఇంకేందమ్మా?"

"ఏం లేదు సారూ, జర తుడుసుకోర్రి. మీ నలభై అయిదేండ్లు తెల్లంగి మీదికి నల్లగ కారుతున్నయి."