చివరి వరస

“అయ్యో, ఆ కుర్చీలో వద్దు మాస్టారూ!”

కూర్చోబోతున్న లెక్కల మాస్టారు ఉలిక్కిపడి లేచారు. తల్లి గబగబా స్టూలు తెచ్చి వేసింది.

“ఆల్జీబ్రా మళ్ళీ తప్పితే ఇదే క్లాసులో ఉంచేస్తారట. ఇద్దరు ట్యూషన్ మాస్టార్లు మారారు. ఈవిడగారు మాత్రం మారలేదు,” అంది కూతుర్ని చూపిస్తూ.

మాస్టారు నోటుబుక్కు తిరగేశారు. ఒక్కో పేజీకి ఆయన నొసలు ముడిపడుతోంది.

“ఏమ్మా, మూడు ఎక్స్ ఇరవై ఒకటికి సమానమని తేల్చావు. అంతా కరెక్టే. ఎక్స్ ఎంతో రాయకుండా వదిలేశావేం? అన్ని లెక్కలూ ఇంతే!”

పిల్ల పెన్సిల్ కొరుకుతూ గొణిగింది. “ఆ వరస అన్నయ్యది. నేను అక్కడిదాకా చేస్తే, చివరిది తను రాసేవాడు.”

“అయితే అన్నయ్యనే పిలువు, నాకు శ్రమ తప్పుతుంది,” అని నవ్వారు మాస్టారు.

తల్లి ముఖం పాలిపోయింది. “వాడు పోయి ఏడాదైందండీ.” కూతురి వైపు తిరిగింది. “రాడని తెలిసీ ఇదేం పనే? పరీక్షలో కూడా ఖాళీగా వదిలేస్తావా?”

“నువ్వు కుర్చీ ఉంచావుగా అమ్మా. నేను వరస ఉంచాను.”

రోజూ తుడిచి పెడుతున్న ఆ కుర్చీ వైపు చూస్తూ నిలబడిపోయింది తల్లి. కాసేపటికి దాన్ని ముందుకు లాగి, మెల్లగా కూర్చుంది.

కుర్చీ కిర్రుమంది. ఏడాదిగా వినని ఆ చప్పుడుకి పిల్ల చటుక్కున తలెత్తింది.

“నేనేనే,” అంది తల్లి. “ఎక్స్ ఎంతొచ్చిందో నాకు చెప్పు.”

పిల్ల చాలాసేపు అమ్మనే చూసింది. తర్వాత తల వంచి, ఖాళీ వరసలో ఏడు వేసింది.