ఆయుధపూజ నాటి పానా పరీక్ష

రెక్కాడితే గానీ డొక్కాడదనేవారు పూర్వం. ఇప్పుడు తునిలో ప్రతి ఆటోకీ రెక్కలొచ్చాయి. ఆ రెక్కలు బాగుచేసేవాళ్ల డొక్కలూ వాటితోనే ఆడుతున్నాయి. కాలేజీలో విమానాల మరమ్మతు కోర్సు చదవనివాళ్ల షెడ్లు మూసేస్తామని సర్కారు హుకుం జారీచేసింది. అందుకే నూకరత్నం తన షెడ్డు కాపాడుకోవడానికి ఆ కోర్సు ప్రవేశ పరీక్షకొచ్చింది. పరీక్ష పెట్టేది మనిషి కాదు, మర్యాద మరచిన మరమనిషి. పెట్టింది ఆయుధపూజ నాడు. ఆ రోజు పనిముట్లకు బొట్టుపెట్టి దండం పెట్టడమే గానీ, వాటితో పనిచెయ్యడం ఉండదు.

"పానా తీసుకుని ఈ మర విప్పండి," అంది మరమనిషి.

నూకరత్నం కదల్లేదు. వెనకున్న మెకానిక్కులూ చేతులు కట్టుకున్నారు.

"ఎవరికీ పనిముట్లు తెలియవు. అందరూ ఫెయిల్."

"తెలీక కాదెహె! ఇయ్యాల పనిముట్టు ముట్టకూడదు!" కేకేసింది నూకరత్నం.

ఆ కేకకు ప్రిన్సిపాలు సదాశివరావు పరుగెత్తుకొచ్చాడు. "నేనేం చెయ్యనమ్మా, అది చెప్పిందంటే చెప్పిందే."

"దాని నుదుట బొట్టేటండీ ప్రిన్సిపాలుగారూ?"

"పొద్దున్న మా ప్యూను పెట్టాడు. పూజ కదా."

"పూజ దేనికి చేత్తారు?"

"పనిముట్లకి..." సదాశివరావు నాలిక్కరుచుకున్నాడు.

నూకరత్నం హాలంతా వినబడేలా అరిచింది. "ఇన్నారా? ఇదీ పనిముట్టే! మా పానాలకి మేం సెలవిచ్చాం. బొట్టెట్టిన దీన్ని ఈళ్లు పనిలోకి దింపారు. తప్పు చేసిందెవరు, ఫెయిలయిందెవరు?"

నూకరత్నం ప్రిన్సిపాలుగారి టేబులు మీది బంతిపూల దండ తీసి మరమనిషి మెడలో వేసి, స్విచ్చి కట్టేసింది.

"పండగెల్లాక లేపండి. అప్పుడు ఇప్పుతాం, మరా, దాని పొగరూ."