చుక్క లేనిది

“డబ్బులొద్దా? అయితే ఇది కచ్చితంగా డొల్లే!” అంటూ బావ ఆ పెన్‌డ్రైవ్‌ని గాజు బల్ల మీద వెనక్కి నెట్టాడు.

గ్యారంటీ మొహం మాడిపోయింది. ఫోన్ల సామాన్ల కొట్టు పెట్టిన దగ్గర్నుంచీ నోరు తెరిస్తే ‘గ్యారంటీ’ అంటాడని బజారంతా కలిసి తగిలించిన పేరది. ఇప్పుడు ఇంట్లోవాళ్ళకీ అదే పేరు.

“అది కాదు బావా. అక్క గొంతు దాచుకోడానికి కూడా నీ దగ్గర డబ్బు పుచ్చుకుంటానా?”

“మీ అక్క బతికుండగా ఛార్జరుకి పుచ్చుకున్నావుగా. వారం తిరక్కుండా పొగొచ్చింది.”

ఇయర్‌ఫోన్లు చూస్తున్న టీచరమ్మ, వాటిని కింద పెట్టి చెవులు మాత్రం ఇటు పెట్టింది.

అక్క పోయి ఏడు నెలలు. ఆసుపత్రి మంచం మీద కూచుని, ఆరేళ్ళ కూతురి కోసం ముప్ఫై ఒక్క కథలు చెప్పింది. బావే ఫోన్లో వీడియోలు తీశాడు. అవి ఆ ఫోన్లో తప్ప ఇంకెక్కడా లేవు. ఫోనేమో బ్యాటరీ ఉబ్బి, పొట్టేసుకుని, ఇవాళో రేపో అన్నట్టుంది. ఆ గొంతు వినబడితే తప్ప పిల్లకి ముద్ద దిగదు.

“పోనీ ఆ ఫోనిలా ఇయ్యి. నీ కళ్ళముందే ఎక్కించేస్తా.”

“నీ చేతికా? లోపలికి తీసుకెళ్ళి బయటికి తెచ్చేలోగా దాని పేగులు మార్చేస్తావు. నేనే ఎక్కించుకుంటాలే. మంచిదేదో చూసివ్వు, చాలు.”

“ఇది మంచిదే బావా!”

నిజంగా మంచిదే. బల్ల కింద ఎడమపక్క డబ్బాలోంచి తీశాడు. కుడిపక్క ఇంకో డబ్బా ఉంది. అందులోవీ ఇలాగే ఉంటాయి. అదే రంగు, అదే మూత, మీద అరవై నాలుగు జీబీ అన్న అదే అచ్చు. లోపల మాత్రం ఉండేది రెండు. ఆ రెండూ నిండాక ఏం పెట్టినా పేరొక్కటే కనబడుతుంది, తెరిస్తే ఏమీ ఉండదు. ఏది ఏదో తనకైనా తెలియాలిగా? అందుకని డొల్లవాటికి మూత తీసి, లోపలంచున ఇంటావిడ గోళ్ళరంగుతో ఎర్ర చుక్క పెడతాడు.

‘మూత తీసి చూడు బావా, చుక్క లేదు. ఇది అసలుది.’ ఆ ఒక్కమాట అంటే తేలిపోయేది. మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ చుక్క ఉన్నవేవని అడగడూ? పైగా పక్కన టీచరమ్మ. పోయిన వారం ఆవిడ పట్టుకెళ్ళింది ఏ డబ్బాలోదో తనకి బాగా గుర్తుంది.

“గ్యారంటీ బావా,” అన్నాడు చివరికి.

“ఆ మాటే అనకు, భయమేస్తుంది,” అంటూ బావ పెన్‌డ్రైవ్‌ని జేబులో పడేసుకుని వెళ్ళిపోయాడు. టీచరమ్మ కూడా ఇయర్‌ఫోన్లు కొనకుండానే కదిలింది.

వాళ్ళు సందు తిరిగారో లేదో, బస్టాపు దగ్గర తోపుబండి పెట్టుకునేవాడు దిగబడ్డాడు.

“అన్నా, చుక్కవి ఒక ఇరవై.”

“మొన్నటివి ఒక్కటీ వెనక్కి రాలేదట్రా?”

“ఎలా వస్తాయన్నా? కొన్నవాడు బస్సెక్కేస్తాడుగా!”

ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. నవ్వు ఆగాక గ్యారంటీ కుడిపక్క డబ్బా ఖాళీ చేసి, కవర్లో పోసిచ్చాడు. ఆ రోజు ఒక్క మంచిపనైతే చేశాననిపించింది. మంచంలో ఉన్నన్నాళ్ళూ అక్కని మూడుసార్లు చూసొచ్చాడేమో. ఆ బాకీ కొంచెం తీరినట్టే అనుకున్నాడు.

నాలుగో రోజు బావ మళ్ళీ వచ్చాడు. మొహం తేటగా ఉంది. వస్తూనే బల్ల మీద ఓ పెన్‌డ్రైవ్ విసిరాడు. గ్యారంటీ ఇచ్చిందే. కనీసం మూత కూడా తీసినట్టు లేదు.

“ఇదిగో నీ సరుకు. నువ్వే ఉంచుకో.”

“అదేంటి బావా? మరి కథలు?”

“భేషుగ్గా ఉన్నాయి. నీ దగ్గర వద్దని బయట కొనుక్కున్నా. ముప్ఫై ఒకటీ ఎక్కాయి. ఒక్కొక్క పేరూ వేలు పెట్టి మరీ లెక్కపెట్టుకున్నా. పిల్ల ఇప్పటికి రెండు చూసింది. రోజుకొకటే అన్నాను, వదిలేస్తే అన్నీ ఒక్కసారే పెట్టమని ఏడుస్తుంది.”

గ్యారంటీకి మనసు చివుక్కుమంది. ఏమైతేనేం, అక్క గొంతు నిలిచింది, అదే పదివేలు అని సర్దుకున్నాడు.

“పోనీలే బావా. ఆ ఫోన్లోవి మాత్రం అప్పుడే చెరపకు. ఎందుకైనా మంచిది.”

“ఇంకెక్కడి ఫోను? నిన్ననే మార్పిడికిచ్చి కొత్తది తెచ్చా. ఇచ్చేముందు లోపలున్నదంతా తుడిచేశా. నీలాంటివాడి చేతిలో పడితే?”

టీచరమ్మలు లేరు కాబట్టి గ్యారంటీ ఆ మాట నవ్వేసి ఊరుకున్నాడు. బావకి ఆ నవ్వు నచ్చలేదు. తాళంచెవుల గుత్తి తీసి, దానికి వేలాడుతున్న పెన్‌డ్రైవ్ మూత లాగి, మొహం ముందు ఆడించాడు.

“చూడు. వస్తువంటే ఇలా ఉండాలి. చూసి నేర్చుకో.”

గ్యారంటీ చూశాడు. లోపలంచున, ఇంటావిడ గోళ్ళరంగు, ఎర్రగా ఒక చుక్క.