సాటి ఖైదీ

"ఇంకాస్త గట్టిగా చెప్పండి వదినా! వెనక బెంచీల వాళ్ళకి వినపడొద్దూ?"

మొదటి వరుసలోంచి పంతులమ్మ కేక వేసింది. వేదిక మీద సన్మానాల బామ్మ మైకు ముందు నీళ్ళు నమిలింది. బడి హాలు కిక్కిరిసి ఉంది. స్వాతంత్ర్య సమరయోధుల సభ ఏటా జరిగేదే. పంతులమ్మ పట్టుబట్టి బామ్మ చేత జైలు కథ చెప్పించడమూ ఏటా ఉన్నదే.

ఆ ఆడవాళ్ళ జైలు రికార్డులు ఏనాడో తగలబడిపోయాయి. అందుకని సన్మాన పత్రం కావాలంటే సాటి ఖైదీ ఒకరు సంతకం పెట్టాలి. పదేళ్ళ కిందట బామ్మ కొడుకు అర్జీ పట్టుకుని, తల్లిని వెంటబెట్టుకుని, ఆ జైల్లో శిక్ష అనుభవించిన పంతులమ్మ దగ్గరికి వచ్చాడు.

"మా అమ్మ కూడా ఆ జైల్లో మూడేళ్ళు ఉందండీ!" అన్నాడు గొప్పగా. బామ్మ తల ఎత్తలేదు. పంతులమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆమెను ఎగాదిగా చూసి, సంతకం పెట్టేసింది.

"పంతులమ్మ... తోటి ఖైదీలకి బొగ్గుతో గోడ మీద అక్షరాలు నేర్పేది," బామ్మ గొణిగింది. "అది చూసి వార్డరమ్మ లాఠీతో వేళ్ళు విరగ్గొట్టింది."

"తర్వాత?"

"పంతులమ్మ చెల్లెలికి జ్వరం. దాహం, దాహం అని మూడు రోజులు ఏడ్చింది. వార్డరమ్మ చుక్క నీళ్ళు పోయలేదు."

"చెల్లెలు ఏమైందో కూడా చెప్పండి వదినా."

"పోయింది."

"దాని చేతులు పడిపోను!" అందో ముసలావిడ. హాలంతా శాపనార్థాలు. పోలీసు శిక్షణలో ఉన్న బామ్మ మనవరాలు కళ్ళు తుడుచుకుంటూ లేచింది. "అది బతికుంటే నా చేతికి చిక్కాలి బామ్మా! జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడుస్తా!"

బామ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

సభ ముగిశాక పంతులమ్మను ఆమె మేనకోడలు ఉండబట్టలేక అడిగింది. "ఇంత కసి పెట్టుకున్నావు, ఆ వార్డరమ్మని ఒక్కసారైనా వెతికించావా అత్తా?"

చెల్లెలి ఎండిన పెదాలు గుర్తొస్తే పంతులమ్మకు ఇప్పటికీ మంచినీళ్ళు గొంతు దిగవు. ఆ మంట చల్లారేది కాదు.

"ఎక్కడికి పోతుందిలే," అంది.

బామ్మ మెట్లు దిగి వచ్చింది. "నాకింక ఓపిక లేదు. ఈ ఏటితో వదిలెయ్యండి," అని చేతులు జోడించింది.

పంతులమ్మ తన వంకర వేళ్ళతో ఆ చేతులు గట్టిగా పట్టుకుని, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది: "వచ్చే ఏడు మునిమనవల్ని కూడా తీసుకురా వార్డరమ్మా, వాళ్ళూ వినాలి కదా!"